తిరిగినంత దూరానికే

ఫిబ్రవరి 8

తమ్ముడూ,

నీ కారు నా చేతిలో ఇంకా ముక్కలవలేదు. ఆ సంగతి ముందే చెబితే మిగతా ఉత్తరం స్థిమితంగా చదువుతావని మొదటే రాస్తున్నాను. ముప్పై దాటకుండా నడుపుతున్నాను. నిన్న ఒక ముసలాయన సైకిల్ మీద నన్ను దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

ఫోన్ చేయవేం అని అడిగావు. నువ్వు కొండ మీదికెక్కి సిగ్నల్ దొరికించుకుని అరుస్తావు, ఇక్కడ నేనూ అరవాలి. మీ బావ పక్కనే ఉంటారు. పక్షవాతం వచ్చి ఆయనకి మాట పోయింది గానీ చెవులు పోలేదు. ఆయన గురించి ఆయన ముందే ఏమని అరవను? అందుకే ఉత్తరం. కాగితం వెనక ఎవరివో మార్కులు కనిపిస్తాయి, పట్టించుకోకు. మా జిరాక్స్ షాపులో పాడైన కాగితాలన్నీ ఓనరు నాకే ఇస్తాడు.

అసలు సంగతి. ఆయనకి జబ్బు చేసింది జనవరి మూడున కదా. స్పీచ్ థెరపీ మేడమ్ ఏమందంటే, మొదటి ఆరు నెలలే ముఖ్యమట. జులై మూడు లోపల వచ్చిన మాటే వచ్చినట్టు, ఆ తర్వాత వచ్చేది చాలా తక్కువ అని ముఖం మీదే చెప్పింది. వారానికి నాలుగు రోజులు తీసుకురమ్మంది. ఆ ఆస్పత్రి ఊరికి అటు చివర, పోను పంతొమ్మిది కిలోమీటర్లు, రాను పంతొమ్మిది. నువ్వు కారు వదిలి వెళ్ళకపోతే ఏమైపోయేదాన్నో.

మీ బావకి ఒకే ఒక మాట మిగిలింది. చెబితే నవ్వుతావు. "ప్రయాణికులకు విజ్ఞప్తి." బస్టాండు మైకులో ఇరవై ఆరేళ్ళు చెప్పిన మాట. నీళ్ళు కావాలన్నా అదే, బాత్రూంకి వెళ్ళాలన్నా అదే. అది కూడా గొంతు సవరించుకుని, ఆ పాత దర్జాతోనే. కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒకసారి అంటారు. ఆ తర్వాత ఏ బస్సో, ఎక్కడికో చెప్పబోయి ఆగిపోతారు. మేడమ్‌కి మాత్రం భలే సంతోషం. ఒక్క మాట బతికుంటే చాలు, దాని వెనకాలే మిగతావి ఒక్కొక్కటీ లాక్కొద్దాం అంది. మొన్న గురువారం "విజ్ఞప్తి" తర్వాత "బస్సు" అన్నారు. తమ్ముడూ, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయనేమో నా భుజం తట్టి మళ్ళీ "బస్సు" అన్నారు.

స్టీరింగు కింద నువ్వు పెట్టించిన ఆ చిన్న పెట్టె ఆకుపచ్చగా మిణుకుమంటూనే ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళదట కదా. దాని జోలికి నేను పోలేదు.

నీ అక్క


మార్చి 6

అక్కా,

రేషన్ లారీ ఈసారి నీ ఉత్తరమూ, ఇన్సూరెన్సు వాళ్ళ కాగితమూ రెండూ కలిపి తెచ్చింది. నువ్వు ఎలా ఉన్నావో నీకంటే ముందు ఆ పెట్టే చెప్పేస్తోంది. నేను ఏడాదికి పట్టుమని పది వారాలు కూడా ఊళ్ళో ఉండనని, తిరిగినంత దూరానికే డబ్బు కట్టే పాలసీ తీసుకున్నాను కదా. నెల తిరగ్గానే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క నా పేరునే వస్తుంది.

ఫిబ్రవరికి ఆరు వందల నలభై మూడు! అమ్మో, భూగోళం చుట్టి వద్దామనుకుంటున్నావా? మేం ఇక్కడ మూడేళ్ళుగా తవ్వుతున్న సొరంగం మొత్తం నాలుగు కిలోమీటర్లు. నువ్వొక్కదానివి నెలలో దానికి నూట అరవై రెట్లు కొట్టేశావు. ఆ పెట్టెకి కళ్ళు తిరిగి పడిపోతుందేమో, కాస్త నిమ్మకాయ వాసన చూపించు. కారుకి కాళ్ళొచ్చాయని మా వంటాయనకి చెబితే పడీ పడీ నవ్వాడు.

బావ "బస్సు" అన్నారంటే నాకు ఎంత సంతోషమైందో. నేను సెలవు మీద వచ్చేసరికి "సర్వేయర్ బావమరిది వచ్చుచున్నాడు" అని మైకులో చెప్పినట్టు చెప్పాలి. ఆ మాట ఆయనతో అను.

ఇక్కడ నీళ్ళు ఊరుతున్నాయి. పొద్దున్న కొలిచిన చోట సాయంత్రానికి అడుగు లోతు ఉంటోంది. సాక్సులు ఆరవు. అదొక్కటే బాధ.

నీ కొలబద్ద


మార్చి 12

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి అర్థమైంది.

"పంచదార డబ్బాకి కాళ్ళొచ్చాయా" అని నాన్న నవ్వేవాడు, గుర్తుందా? అచ్చం అలాగే రాశావు. ఆ నవ్వు నీకు బాగా వచ్చింది.

డ్యాష్‌బోర్డు సొరుగులో ఆ పాలసీ కాగితం ఉంటే తీసి చదివాను. నెలకి ఐదు వందల కిలోమీటర్లు దాటితే పైన రేటు పెరుగుతుందట. నాకు తెలియదు. తెలిస్తే అలా తిప్పేదాన్ని కాదు. కారు ఇచ్చిందే గొప్ప, దాని మీద నేను సవారీ చేస్తూ పోయాను. ఈ వారం నుంచి ఆస్పత్రి రెండు రోజులకి మార్పించాను. చాలు. మిగతా రోజుల్లో ఇంట్లో చేయించడానికి బొమ్మల కాగితాలు ఇచ్చింది మేడమ్. ఇవ్వడానికి ముందు నా మొహంలోకి కాసేపు చూసింది. మీ ఇష్టమమ్మా అంది. కూరగాయలకి నడిచే వెళ్తున్నాను, ఒంటికీ మంచిదే.

జాగ్రత్తగా ఉంటాను. నీకు మళ్ళీ అలా రాయాల్సిన పని పెట్టను.

మీ బావకి నీ మాట చెప్పాను. "బస్సు" అన్నారు. ఆ తర్వాత వేలుతో నీ ఫోటో చూపించారు.

నీ అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నిన్ను ఏమని పొగడాలో తెలియడం లేదు. ఆరు వందల నలభై మూడు నుంచి నాలుగు వందల రెండు! మూడో వంతుకి పైగా తగ్గిపోయింది. ఆస్పత్రి నాలుగు రోజుల నుంచి రెండు రోజులకి దిగిందంటే ఇక చెప్పేదేముంది? శభాష్ అక్కా, శభాష్ బావా! నేను వృత్తికి తగ్గ పనే చేశాను. టెంటు గోడ మీద గ్రాఫు కాగితం అంటించి నీ కిలోమీటర్లకి గీత గీస్తున్నాను. గీత చక్కగా కిందికి దిగుతోంది. కుర్రాళ్ళంతా రోజూ "మీ అక్కగారి గీత ఎక్కడి దాకా వచ్చింది సార్" అని అడుగుతున్నారు.

నాన్నతో పోల్చినందుకు నాకు భలే గర్వంగా ఉంది. ఎంత సరదా మనిషి! ఇంట్లో ఒక్క రోజైనా గొంతెత్తి తిట్టాడా? నాకు ఆయన గురించి గుర్తున్నదల్లా నవ్వే.

జాగ్రత్తగా ఉంటానన్నావు. ఉండాలి మరి. మలుపుల దగ్గర హారన్ కొట్టు, ముప్పై అంటే ముప్పైలోనే పో. సైకిళ్ళు దాటితే దాటనీ.

ఇలాగే తగ్గిస్తూ పో. ఈ గీత చూస్తే నాకు ఇక్కడి బురద గుర్తుకు రావడం లేదు.

నీ కొలబద్ద


ఏప్రిల్ 18

తమ్ముడూ,

శభాష్ అన్నావు. ఆ ముక్క చదివి కాసేపు బాగానే అనిపించింది. నీకు తృప్తిగా ఉంది, అంతే చాలు. ఇంకా తగ్గిస్తాను. కాకపోతే నా లెక్కలు పదిమంది చూసేట్టు గోడకి ఎక్కించాలా? సరేలే.

మొన్న బస్సు ఎక్కుదామని బయల్దేరాం. కారు ఎందుకు తీయలేదని మీ బావ చేత్తో సైగ చేస్తే, సర్వీసింగుకి ఇవ్వాలి అని ఏదో అన్నాను. ఆయన నమ్మలేదు. అయినా మంచి చొక్కా వేయమన్నారు, ఆయన పనిచేసిన బస్టాండే కదా. గేటు దగ్గర టీ కొట్టతను లేచి నిలబడ్డాడు. చెకింగ్ ఆయన వచ్చి కుర్చీ వేశాడు. నాకు కూడా ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదా అనిపించింది.

అప్పుడు మైకు మోగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి." ఆయన గొంతే. రెండేళ్ళ క్రితం ఆఫీసువాళ్ళు గదిలో కూర్చోబెట్టి అన్ని బస్సుల పేర్లూ చెప్పించి రికార్డు చేసుకున్నారని నీకు తెలుసు కదా. ఇప్పుడు మనిషిని పెట్టలేదు, అవే వేస్తున్నారు. మూడో ప్లాట్‌ఫారం, ఐదో ప్లాట్‌ఫారం, పది నిమిషాలు ఆలస్యం, అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఒక్క అక్షరం తొట్రుపాటు లేకుండా ఆయన గొంతు అన్నీ చెప్పేస్తోంది. ఈయన కుర్చీలో కూర్చుని తల పైకెత్తి ఆ మైకు వంకే చూస్తున్నారు. పెదవులు కదిలాయి. దానితో పాటు అనబోయారు. అందుకోలేకపోయారు. అది ముందుకి వెళ్ళిపోయింది.

మేం ఎక్కాల్సిన ఆస్పత్రి బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆయన్ని లేపలేకపోయాను. ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చేశాం. ఇక బస్సు వద్దు. ఆ రోజు నుంచి బొమ్మల కాగితాలు ముందు పెడితే తిరగేసి, వెనకవైపు ఖాళీగా ఉన్న తెలుపుకేసి చూస్తున్నారు.

షాపుకి నాతో తీసుకెళ్తున్నాను. మిషను పక్కన స్టూలు వేస్తాను. వెచ్చగా ఉంటుంది అక్కడ.

నీ అక్క


మే 8

అక్కా,

నూట పద్నాలుగు! మూడంటే మూడే ట్రిప్పులు! గీత నేలకి దిగిపోతోంది, కాగితం చాలడం లేదు.

నీ ఉత్తరం లారీలో తడిసి వచ్చింది. మొదటి పేజీ చదవగలిగాను, రెండోదాంట్లో సిరా అంతా అలుక్కుపోయింది, వెనకున్న ఎవరిదో బర్త్ సర్టిఫికెట్టే బాగా కనబడుతోంది. కానీ ముఖ్యమైన సంగతి అందింది. బావ మంచి చొక్కా వేసుకుని బస్టాండుకి వెళ్ళారు! టీ కొట్టతను లేచి నిలబడ్డాడు! అక్కా, అది చదివి నేను కొండెక్కి కేకలు పెట్టాను. పాత ఆఫీసుకి షికారు వెళ్ళేంత వాళ్ళయ్యారంటే ఇక ఆస్పత్రితో ఏం పని? మైకు దగ్గర ఏమైందో మాత్రం తడిసిపోయింది. ఆయన చేత చెప్పించారా? తప్పకుండా రాయి.

ఒక కోరిక. వచ్చే నెల లెక్క సున్నా రావాలి. సున్నా వచ్చిన రోజు క్యాంపులో అందరికీ స్వీట్లు పంచుతానని మాట ఇచ్చేశాను, పరువు తీయకు. ఇంకొకటి. బావ గొంతు రికార్డు చేసి పంపించు. కొండ మీద సిగ్నల్ దగ్గర వింటాను. రెండు మాటలైనా చాలు.

నీ కొలబద్ద


జూన్ 3

తమ్ముడూ,

సున్నా అడిగావు. మే నెలకి సున్నా వస్తుంది. కారు మీద దుప్పటి కప్పేశాను. టైర్లలో గాలి కూడా తగ్గింది. నీ కారు నీకు గీత పడకుండా భద్రంగా ఉంది, స్వీట్లు పంచుకో.

గొంతు రికార్డు చేసి పంపమన్నావు. ఎందుకిలా ఏడిపిస్తావు నన్ను? మాట లేని మనిషి చేత మాట పంపించమంటావా? ఆరు నెలల్లో ఐదు అయిపోయాయి. ఆస్పత్రికి వెళ్ళి నెల దాటింది. ఆటోకి రాను పోను అంటే నా వారం జీతం. ఆ కారు తీయాలంటే ప్రతి కిలోమీటరుకీ నువ్వు ఎక్కడో గోడ మీద చుక్క పెడుతున్నావని గుర్తొస్తుంది. "బస్సు" అన్న మాట పోయింది. "ప్రయాణికులకు" దాకా వచ్చి ఆగుతున్నారు, అదీ నాలుగు రోజులకొకసారి.

నీ మీద కోపం లేదు. నీ వస్తువు, నీ డబ్బు, ఇన్నాళ్ళు వాడుకోనిచ్చావు. కానీ తగ్గించమన్నవాడివి తగ్గించమని ఊరుకో. మీ బావ బాగయ్యారని పండగ చేసుకుంటున్నట్టు నటించకు. అది నేను తట్టుకోలేను.

అక్క


జూన్ 11

అక్కా,

నిన్న పొద్దున ఉత్తరం అందింది. చీకటి పడేదాకా కొండ మీదే ఉన్నాను. తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. నువ్వు షాపులో ఉంటావు, మిషను చప్పుడులో నీకు వినబడదు. ఈ ఉత్తరం లారీ అతని చేతికే ఇచ్చి, ఆగకుండా పొమ్మని పంపిస్తున్నాను.

నేనెప్పుడు తగ్గించమన్నాను అక్కా? ఆ భూగోళం, ఆ నిమ్మకాయ, అదంతా తమాషాకి రాశాను. ఊరికే రాశాను! ఇక్కడ మాట్లాడ్డానికి మనిషి లేక, నువ్వు చదివి నవ్వుతావని రాశాను. ఐదు వందలు దాటితే రేటు పెరుగుతుందని నువ్వు రాసేదాకా నాకే తెలియదు, రాసినా తలకెక్కించుకోలేదు, ఆ కాగితం నేను ఎప్పుడూ చదవలేదు. గీత కిందికి దిగితే బావకి నయమవుతోందనుకున్నాను. వారానికి రెండు రోజులు చాలని నువ్వే రాశావు కదా. శభాష్ అన్నది బావ కోలుకుంటున్నందుకు. సున్నా అడిగింది, ఇక ఆస్పత్రి అవసరం లేదని చూడటానికి. నేను సంబరపడింది నువ్వు మానేస్తున్నందుకా? దేవుడా.

కొలవడమే నా బతుకు. ఎంత దూరమో చూశాను గానీ, ఆ దూరం ఎందుకు తగ్గుతోందో ఒక్కసారి అడగలేదు.

జులై మూడుకి ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఆ పెట్టె ఇప్పుడే పీకి పారేయ్. కొండ మీది నుంచే పాలసీ మార్పించాను, ఇక ఎంత తిరిగినా ఒకటే. రోజూ తీసుకెళ్ళు. మేడమ్ ఒప్పుకోకపోతే కాళ్ళు పట్టుకో. గోడ మీది కాగితం చించేశాను.

నన్ను నాలుగు తిట్టి అయినా సరే, వెంటనే రాయి.

నీ తమ్ముడు


జులై 6

తమ్ముడూ,

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. షాపు వదిలేసి గాలి కొట్టించుకొచ్చాను. పదిహేను రోజులు తిప్పాను. నీకు ఇక లెక్క రాదు కాబట్టి నేనే చెబుతున్నాను, ఐదు వందల డెబ్బై కిలోమీటర్లు. నలభైలో నడిపాను, ఒక్కోసారి యాభైలో.

మేడమ్ రోజూ గంట కూర్చుంది, ఆదివారం కూడా ఒకసారి రమ్మంది. మూడో తారీఖున నన్ను బయటికి పిలిచి చెప్పింది. నోరు రాకపోవడం కాదమ్మా, మనిషే ప్రయత్నం మానేశాడు, అప్పుడు వదలకుండా పట్టుకుని ఉంటే ఎంత వచ్చేదో నేను చెప్పలేను, కొంత మాత్రం వచ్చేది అంది. ఇక నెలకొకసారి తీసుకొస్తే చాలట. ఈసారి నిజంగానే చాలన్నది ఆవిడే.

నిన్న కారు స్టార్ట్ చేసి, కదలకుండా ఆగాను. ఇదివరకు అక్కడే అనేవారు కదా. చాలాసేపు చూశాను. ఆఖరికి నేనే "ప్రయాణికులకు" అని మొదలుపెట్టాను. మీ బావ నా వైపు తిరిగి, ఎవరో ప్రయాణికుడు విన్నట్టు మర్యాదగా విన్నారు. మిగతాది నేనే చెప్పుకున్నాను.

నువ్వు తమాషాకి రాశావని నమ్ముతున్నాను. నమ్మకపోతే ఇంకా తేలిగ్గా ఉండేదేమో. నీకొకటి చెప్పాలి. నాన్న ఎప్పుడూ తిట్టలేదన్నావు. నిజమే. పంచదార డబ్బాకి కాళ్ళొచ్చాయా అని ఆయన నవ్వితే, ఆ రోజు నుంచి నేనూ అమ్మా చప్పటి టీ తాగేవాళ్ళం. కిరసనాయిలు ఎవరైనా తాగేస్తున్నారా అని నవ్వితే, నేను చీకట్లో పడుకుని పాఠాలు మనసులో చదువుకునేదాన్ని. ఆయన వద్దన్న ప్రతిదీ నవ్వుతూనే అన్నాడు. నువ్వు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడివి. నీకు నవ్వు మాత్రమే వినబడింది. దాన్నే నేర్చుకున్నావు. తప్పు నీది కాదు. నేను నిన్ను అడగాల్సింది. మనింట్లో అడగడం నాకు ఎవరూ నేర్పలేదు.

పెట్టె పీకి ఈ కవర్లోనే పెట్టాను. పీకిన తర్వాత కూడా కాసేపు మిణుకుమంది.

సెలవు దొరికితే రా. బావ నిన్ను గుర్తుపడతారు, నీ ఫోటో ఇంకా వేలుతో చూపిస్తారు. ఉత్తరాలు కూడా రాస్తూ ఉండు. సొరంగం గురించి, తడి సాక్సుల గురించి, ఏదైనా రాయి. నవ్వించడానికి మాత్రం ఏమీ రాయకు. నువ్వు నవ్వావంటే, ఇప్పుడు ఏది మానెయ్యాలా అని ఇల్లంతా వెతుక్కుంటాను.

నీ అక్క